పాత కారుకు ప్రాణం పోయాలంటే ముందు చూడాల్సింది ఇంజను కాదు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల పల్లెల్లో పాత మిద్దె ఇళ్ల పక్క వసారాల్లోనో, వాడకం తప్పిన పొగాకు బేరన్లలోనో పట్టా కప్పి వదిలేసిన అంబాసిడర్లు, ఫియట్లు ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తాయి. తాతగారో, మేనమామో మోజుపడి కొన్న కారును మళ్లీ రోడ్డెక్కించాలన్న ముచ్చట తర్వాతి తరానికి పుట్టడం సహజమే. ఆ మాట ఎత్తగానే చూడవచ్చిన వారందరూ బానెట్ ఎత్తి "ఇంజను తిరుగుతుందా?" అని అడుగుతారు. ఆ ప్రశ్నను చివరికి వాయిదా వేయవచ్చు. నాలుగు సిలిండర్ల పాత పెట్రోలు ఇంజను ఎంత మొరాయించినా లేత్ షాపు పనితో, విడిభాగాల ఖర్చుతో ఏదో ఒకనాటికి దారికి వస్తుంది. అంత తేలిగ్గా దారికి రానిది కారు అడుగున కంటికి కనబడకుండా తినేసిన తుప్పు. దానికంటే మొండిది లెక్క తేలని ఆర్సీ పుస్తకం. ఇంటి దగ్గర పాత కారు బాగుచేయడానికి దిగి మధ్యలో వదిలేసిన వారిలో చాలామంది పనితనం లేక ఓడిపోలేదు. పనుల వరుస తప్పి, ఇంజను మీద డబ్బంతా పోసిన తర్వాత రేకు సంగతి బయటపడి ఓడిపోయారు. ముందు కాగితం, ఆ తర్వాత రేకు, ఆపైన బ్రేకు, చివరికి ఇంజను అన్న వరుస ఎందుకు సరైనదో వివరంగా చూద్దాం.

మన వైపు దొరికే పాత కార్లలో ఎక్కువ భాగం రెండు కుటుంబాలకు చెందినవి. బెంగాల్‌లోని ఉత్తర్‌పాడాలో హిందుస్థాన్ మోటార్స్ వారు ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా మీద 1950ల చివరి నుంచి 2014 దాకా తయారుచేసిన అంబాసిడర్ ఒకటి. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు ఇటలీ నమూనాతో తయారుచేసిన ఫియట్ 1100 రెండోది. 1970ల నడుమ పద్మినిగా పేరు మార్చుకున్నది ఈ కారే. పాత అంబాసిడర్ పెట్రోలు ఇంజను సామర్థ్యం 1,489 సీసీ, ఫియట్‌ది 1,089 సీసీ. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ కూడా అరుదుగా తగులుతుంది. ఈ మూడింటిలో హెరాల్డ్‌కు మాత్రమే కింద విడిగా ఇనుప చట్రం ఉంటుంది; పై బాడీని బోల్టులు విప్పి దించవచ్చు. అంబాసిడర్‌కు, ఫియట్‌కు అలాంటి పూర్తి చట్రం లేదు. వాటిలో అడుగు రేకు, తలుపుల కింద పొడవునా సాగే డొల్ల పెట్టె లాంటి అంచులు, స్తంభాలు, పైకప్పు అన్నీ కలిసి బరువు మోస్తాయి. తలుపు రేకు చిల్లు పడితే అది అందానికి సంబంధించిన లోపం. ఆ కింది అంచు చిల్లు పడితే మాత్రం కారు నడుమే విరిగిందని అర్థం. ఇంటి దగ్గర పని మొదలుపెట్టేవారు ఈ తేడాను గుర్తించకపోతే ఖర్చు అంచనాలన్నీ తలకిందులవుతాయి.

కాగితం సంగతి

ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ మొదట 15 ఏళ్లకు చెల్లుతుంది. ఆ తర్వాత ఫారం 25తో దరఖాస్తు చేసి, బండిని తనిఖీకి చూపించి, ఐదేళ్లకొకసారి పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి కార్లకు ఈ పొడిగింపు రుసుము 5,000 రూపాయలైంది; 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన కార్లకు దానిని 10,000 రూపాయలకు పెంచారు. ఏళ్ల తరబడి పట్టా కింద ఉన్న బండికి ఈ పొడిగింపులు జరిగి ఉండవు కనుక ఆలస్య రుసుము కూడా లెక్కలో వేసుకోవాలి. యజమాని చనిపోయి ఉంటే వారసుల పేరు మీదికి మార్చడానికి ఫారం 31 వేరే. పుస్తకం రూపంలోని పాత ఆర్సీ వివరాలు రవాణా శాఖ వారి 'వాహన్' కంప్యూటర్లలోకి ఎక్కి ఉండకపోతే, ముందుగా వాటిని ఎక్కించే బ్యాక్‌లాగ్ ఎంట్రీ చేయించుకోవాలి.

ఆ ఎంట్రీ ఏ కార్యాలయంలో చేయించాలన్నది ఈ ప్రాంతం వారికి ప్రత్యేకమైన చిక్కు. ప్రకాశం జిల్లా 1970లో నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల నుంచి కొన్ని తాలూకాలు విడదీస్తే ఏర్పడింది. అంతకు ముందు ఒంగోలు గుంటూరు జిల్లాలోది. కందుకూరు, కనిగిరి, పొదిలి నెల్లూరు జిల్లాలోవి. మార్కాపురం కర్నూలు జిల్లాలోది. అందువల్ల 1960లలో ఒంగోలు పెద్దమనిషి కొన్న కారు మొదటి రికార్డు గుంటూరులోనూ, పొదిలి వారి కారు రికార్డు నెల్లూరులోనూ ఉండే అవకాశం ఎక్కువ. ఏపీ 26, ఏపీ 27 అన్న జిల్లా సంఖ్యలు 1989 తర్వాత వచ్చినవి. అంతకు ముందరి బండ్లకు మూడక్షరాల పాత నంబర్లు ఉంటాయి. పుస్తకం మొదటి పేజీలోని కార్యాలయం ముద్ర చూడకుండా, ఇప్పుడు ఉంటున్న జిల్లాలో తిరిగితే కాలహరణం తప్ప ఫలితం ఉండదు.

ఇంకొక జాగ్రత్త రంగు పని మొదలు కాకముందే తీసుకోవాలి. తనిఖీ అధికారి ఛాసిస్ నంబరు మీద పలుచని కాగితం పెట్టి, పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకుంటారు. యాభై ఏళ్లలో మూడు నాలుగు సార్లు రంగు పూసిన కారులో ఆ అంకెలు పూడిపోయి ఉంటాయి. గ్రైండరుతో, గరుకు కాగితంతో వాటిని తేల్చబోతే అంకెల అంచులు అరిగి, దిద్దినట్టు కనిపిస్తాయి. అప్పుడు దొంగ బండేమోనన్న అనుమానాన్ని తీర్చడం యజమాని తరం కాదు. రంగు తొలగించే ద్రావణాన్ని కుంచెతో పూసి, కాసేపాగి, ఇత్తడి తీగల బ్రష్షుతో మెల్లగా రుద్ది, అంకెలు తేలగానే ఫొటో తీసి ఆర్సీతో సరిచూసుకోవాలి. ఇది గంట పని కూడా కాదు, కానీ కారు కొనే ముందే చేయవలసిన పని.

కేంద్ర ప్రభుత్వం 2021 జులైలో మోటారు వాహనాల నియమాలను సవరించి వింటేజ్ వాహనాలకు వేరే రిజిస్ట్రేషన్ ఏర్పాటు చేసింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి ఉండాలి, వ్యాపారానికి వాడకూడదు, ఛాసిస్‌లో గానీ, బాడీలో గానీ, ఇంజనులో గానీ పెద్ద మార్పులు జరగకుండా అసలు రూపంలో ఉండాలి. కొత్తగా నమోదుకు 20,000 రూపాయలు, అది పదేళ్లకు చెల్లుతుంది. తర్వాత పొడిగింపుకు 5,000 రూపాయలు. నంబరు పలకలో రాష్ట్రం కోడ్ తర్వాత 'వీఏ' అన్న అక్షరాలు వస్తాయి. అయితే ఇలా నమోదైన కారును ప్రదర్శనలకు, ర్యాలీలకు, సాంకేతిక పరిశోధనకు, పెట్రోలు కొట్టించుకోవడానికి, మరమ్మతుకు తప్ప మామూలుగా తిప్పకూడదు. నా అభిప్రాయంలో, సెలవు రోజున కావలి దాకా వెళ్లి బంధువులను చూసి రావాలనుకునే వారు పాత రిజిస్ట్రేషన్‌ను బతికించుకోవడమే మేలు. ఒకప్పుడు పెట్రోలు ఖర్చుకు జడిసి డీజిలు ఇంజను ఎక్కించిన అంబాసిడర్లకు ఈ వింటేజ్ దారి ఎలాగూ మూసుకుపోయినట్టే. ఆ మార్పు ఆర్సీలో నమోదు కాకపోతే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద మామూలు రిజిస్ట్రేషన్‌కూ ఇబ్బందే.

రేకు కథ

ఇనుము, నీరు, ప్రాణవాయువు కలిస్తే తుప్పు పుడుతుంది. వీటికి సముద్రపు ఉప్పు తోడైతే తుప్పు వేగం పెరగడానికి రెండు కారణాలున్నాయి. ఉప్పు గాలిలోని తేమను లాక్కుని రేకును ఎప్పుడూ చెమ్మగా ఉంచుతుంది. నీటిలో కరిగిన ఉప్పు విద్యుత్తును బాగా పారనిస్తుంది కనుక తుప్పుకు మూలమైన విద్యుత్ రసాయన చర్య చురుకుగా సాగుతుంది. కొత్తపట్నం, పాకల, రామాయపట్నం, మైపాడు వంటి తీరపు ఊళ్లలో నిలిపిన కారుకు వాన కూడా అక్కరలేదు; రాత్రి మంచు, తెల్లవారుజాము తేమ చాలు. దీనికి పూర్తి భిన్నంగా కనిగిరి, పామూరు, ఉదయగిరి వైపు మెట్ట ఊళ్లలో నిలిచిన కారు రేకు చెక్కుచెదరకుండా ఉంటుంది. అయితే ఎండ ధాటికి రబ్బరు బీడింగులు పెళుసుబారి, సీటు కింద ఎలుకలు కాపురం పెట్టి, వైరింగు తొడుగు చేత్తో ముట్టుకుంటే రాలిపోతుంది. ఒకే ఏడాది ఒకే ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రెండు కార్లలో తీరం కారు నిగనిగలాడుతూ ఉన్నా, మెట్ట కారు దుమ్ము కొట్టుకుని దిక్కుమాలినట్టు ఉన్నా, కొనవలసింది మెట్ట కారునే. రబ్బరూ, వైర్లూ కొత్తవి వేయవచ్చు. కారు నడుము కొత్తది అంగట్లో దొరకదు.

పరీక్షకు ఖరీదైన పరికరాలేమీ అక్కరలేదు. చిన్న అయస్కాంతాన్ని పలుచని గుడ్డలో చుట్టి ఒళ్లంతా తాకిస్తూ పోతే, రంగు కింద మందంగా లప్పం పూసిన చోట అది పట్టుకోదు. తలుపుల అడుగంచులు, చక్రాల పైకమ్ముల లోపలి వైపు, ముందు అద్దం రబ్బరు చుట్టూ, డిక్కీలో స్టెపినీ పెట్టే గుంట, బ్యాటరీ కూర్చునే పళ్లెం, వెనక కమాను కట్టలు బాడీకి తగిలించిన బిగింపులు తప్పక చూడాలి. తలుపుల అడుగున నీళ్లు కారిపోవడానికి చిన్న రంధ్రాలుంటాయి. అవి మట్టితో పూడిపోతే తలుపు లోపల నీళ్లు నిలిచి, లోపలి నుంచి తుప్పు తింటుంది. బయట రంగు బుడగ లేచేసరికి లోపల పని అయిపోయి ఉంటుంది. మ్యాట్లు ఎత్తి అడుగు రేకును స్క్రూ డ్రైవర్ పిడితో తడుతూ పోతే, మంచి రేకు ఖంగున మోగుతుంది, తిన్న రేకు మొద్దుగా పలుకుతుంది. వీటన్నింటికీ మించిన పరీక్ష ఇంకొకటి ఉంది: కారు పక్క జాకీ పెట్టే చోటునే జాకీ పెట్టి, ఆ వైపు చక్రం నేల విడిచేదాకా లేపి, తలుపు తీసి వేయాలి. తలుపు మునుపటిలాగే పడితే కింది అంచు గట్టిగా ఉన్నట్టు. తలుపు పట్టేసినా, స్తంభానికీ తలుపుకూ మధ్య సందు మారినా, లేదా జాకీయే లోపలికి దిగబడినా ఆ కారు బేరం మళ్లీ మొదటి నుంచి మాట్లాడుకోవాలి.

తుప్పు ఇనుము కంటే ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. రెండు రేకులు కలిపి వెల్డు చేసిన అతుకుల మధ్య అది పుడితే రేకులను పొంగించి విడదీస్తుంది. అందుకే అలాంటి చోట పైన ఎంత గీకి ఎన్ని పూతలు వేసినా ఏడాది తిరిగేసరికి మళ్లీ బయటపడుతుంది. పైపైన పట్టిన తుప్పును గీకి, ఫాస్ఫారిక్ ఆమ్లం కలిసిన తుప్పు నివారిణి పూసి ఆపవచ్చు. రేకు పలుచబడిన చోట మాత్రం కోసి తీసి, అదే మందం కొత్త రేకు అతకాలి. లప్పం ఎప్పుడూ చివరి నునుపు కోసమే గానీ చిల్లు పూడ్చడానికి కాదు. ఈ సంగతి తెలియని టింకరింగ్ మేస్త్రి ఉండడు. కానీ యజమాని తొందర పెడితే లప్పమే పెడతాడు, అందులో అతని తప్పు కూడా పెద్దగా లేదు.

కింది అంచులు మార్చే పని ఇంటి దగ్గర మొదటిసారి చేసేవారు పెట్టుకోవలసినది కాదని నా గట్టి అభిప్రాయం. అయినా ఆ పని ఎలా జరగాలో తెలిసి ఉండడం అవసరం, ఎందుకంటే పక్కన నిలబడి చేయించుకోవలసింది యజమానే. కోత పెట్టక ముందే తలుపు ఖాళీలో ముందు స్తంభానికీ వెనక స్తంభానికీ మధ్య ఇనుప గొట్టాలు అడ్డంగా, ఏటవాలుగా వెల్డు చేసి బిగించాలి. రెండు పక్కలా ఒకేసారి కోయకూడదు. గ్యాస్ వెల్డింగ్ వేడికి పలుచని రేకు ముడుచుకుని వంకర్లు తిరుగుతుంది కనుక, సీఓ2 వెల్డింగ్‌తో చుక్కలు చుక్కలుగా, ఒక చుక్క ఇక్కడైతే తర్వాతిది దూరంగా వేస్తూ, మధ్యలో చల్లారనిస్తూ పోవాలి. ప్రతి అంచెలోనూ తలుపు వేసి సందులు చూసుకోవాలి. అంతా అయిన తర్వాత డొల్ల లోపలికి మైనం కలిసిన తుప్పు నిరోధక ద్రవాన్ని గొట్టంతో చిమ్మించాలి. మూసేసిన డొల్ల లోపలికి కుంచె పోదు.

ఇంట్లో నిశ్చింతగా చేయదగినది చిన్న భాగాల తుప్పు వదిలించడం. ఒక ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు పోసి వాషింగ్ సోడా కరిగించాలి. తుప్పు పట్టిన బ్రాకెట్‌ను బ్యాటరీ ఛార్జరు రుణ ధ్రువానికి, పనికిరాని ఇనుప ముక్కను ధన ధ్రువానికి తగిలించి, రెండూ ఒకదానికొకటి తాకకుండా ముంచాలి. బ్రాకెట్ చుట్టూ సన్నని బుడగలు లేస్తాయి, నీళ్లు మెల్లగా గోధుమ రంగుకు తిరుగుతాయి, మర్నాటికి తుప్పు నల్లని బురదలా మారి బ్రష్షుతో తుడిస్తే ఊడిపోతుంది. మంచి ఇనుము మాత్రం ఇసుమంత కూడా అరగదు. ఆ బుడగల్లో హైడ్రోజన్ ఉంటుంది కనుక ఈ పని ఆరుబయటే చేయాలి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. ధన ధ్రువానికి స్టెయిన్‌లెస్ స్టీలు వాడకూడదు. దాని నుంచి విషపూరితమైన క్రోమియం సమ్మేళనాలు నీళ్లలోకి దిగుతాయి.

ఆపలేని బండిని నడపరాదు

ఇంజను తిరగగానే ఆనందం పట్టలేక కారును ఆవరణలో ముందుకూ వెనక్కూ నడిపించడం అందరూ చేసేదే. ఆ పాటికి బ్రేకులు బాగై ఉండాలి. అప్పటి కార్లలో చాలా వాటికి బ్రేకు ద్రవం ఒకే మార్గంలో నాలుగు చక్రాలకూ వెళుతుంది. ఒక్క చక్రం దగ్గర రబ్బరు కప్పు చిరిగినా, ఒక్క హోస్ పైపు పగిలినా నాలుగు బ్రేకులూ ఒకేసారి పోతాయి. బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఆ తేమ ఏళ్ల తరబడి సిలిండర్ల లోపలి గోడలను గుంటలు పడేలా తింటుంది. అందుకే పైకి బాగానే కనిపించినా మాస్టర్ సిలిండరు, వీల్ సిలిండర్ల కిట్లు, రబ్బరు హోసులు మొత్తంగా మార్చాలి. గుంటలు పడిన సిలిండరులో కొత్త రబ్బరు వేస్తే కొద్ది వారాల్లోనే కారుతుంది. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. డ్రమ్ము ఊడదీసి గాలి కొట్టి దుమ్ము ఎగరగొట్టే అలవాటు మన షెడ్లలో ఇంకా పోలేదు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు ప్రాణాంతకం. తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారేయాలి. టైర్ల విషయంలో అరుగుదల చూసి మోసపోకూడదు. పక్కగోడ మీద నాలుగంకెల తేదీ ఉంటే మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. ఆ నాలుగంకెలు లేని టైరు 2000కు ముందుది, దాన్ని మారుమాట లేకుండా తీసేయాలి.

వైరింగు గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఆ కార్లలో ఫ్యూజులు బహు కొద్ది. బట్ట తొడుగు రాలిన వైరు ఒకటి బాడీకి తగిలితే మంటలే. అతుకుల మీద అతుకులు వేయడం కంటే పాత వైరింగును నమూనాగా పక్కన పెట్టుకుని కొత్త హార్నెస్ (వైర్ల కట్ట) కట్టించడం నయం. ఇంగ్లండు మూలాలున్న మరీ పాత కార్లు కొన్నింటిలో బాడీకి ధన ధ్రువం కలిపి ఉంటుంది కనుక బ్యాటరీ బిగించే ముందు సరిచూసుకోవాలి.

ఇక ఇంజను

చాలాకాలం నిలిచిన ఇంజనును సెల్ఫ్ కొట్టి తిప్పబోవడం పెద్ద పొరపాటు. పిస్టన్ రింగులు సిలిండరు గోడకు తుప్పుతో అంటుకుని ఉంటే ఆ ఒక్క తిప్పుతో రింగులు విరుగుతాయి. ముందు ప్లగ్గులు నాలుగూ విప్పి, ప్రతి సిలిండరులో కాస్త పలుచని నూనె పోసి, కొన్నాళ్లు నాననివ్వాలి. తర్వాత హ్యాండిలుతో గానీ, ముందు పుల్లీ బోల్టుకు స్పానర్ వేసి గానీ చేత్తో ఇటూ అటూ మెల్లగా కదపాలి. కదలకపోతే మళ్లీ నూనె పోసి ఆగడమే తప్ప గొట్టం తొడిగి బలప్రయోగం చేయకూడదు. తిరిగిన తర్వాత పాత ఇంజన్ ఆయిల్ తీసి, 20డబ్ల్యూ50 వంటి చిక్కని ఆయిల్ పోసి, ప్లగ్గులు లేకుండానే సెల్ఫ్‌తో తిప్పి, ఆయిల్ ప్రెషరు వచ్చిందని తెలిశాకే ప్లగ్గులు బిగించి స్టార్టు చేయాలి.

ఇంజను విప్పాలా వద్దా అన్నది మెకానిక్ ఉత్సాహం తేల్చకూడదు, కంప్రెషన్ గేజి తేల్చాలి. ప్లగ్గుల చోట గేజి బిగించి నాలుగు సిలిండర్ల ఒత్తిడి కొలిచినప్పుడు, నాలుగూ దగ్గరదగ్గరగా ఉన్నాయా లేదా అన్నది ముఖ్యం. ఒకటి బాగా తక్కువ చూపిస్తే అందులో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. ఒత్తిడి పెరిగితే రింగులూ, బోరూ (సిలిండరు లోపలి గోడ) అరిగినట్టు, ఎందుకంటే ఆ నూనె కాసేపు రింగుల సందు మూసింది. పెరగకపోతే లోపం వాల్వుల దగ్గర. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు సమానంగా తక్కువ చూపిస్తే రెండింటి మధ్య హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండవచ్చు. వాల్వుల పని అయితే హెడ్ ఒక్కటీ దించి పంపితే సరిపోతుంది. బోరింగ్ పని అయితే ఇంజను మొత్తం దించాలి. ఈ రెండింటి ఖర్చుకూ పొంతన లేదు. వాల్వుల సీటింగు, బోరింగు, క్రాంకు గ్రైండింగు ఇంట్లో అయ్యేవి కావు. వాటికి నెల్లూరులోనో, ఒంగోలులోనో మంచి లేత్ షాపును, సాధ్యమైతే పాత కార్ల పని చేసిన చేయి తిరిగిన మనిషిని వెతకాలి.

హెడ్ దించినప్పుడే తేల్చుకోవలసిన సంగతి మరొకటి ఉంది. మన దేశంలో 2000 ఫిబ్రవరి 1 నుంచి సీసం కలిపిన పెట్రోలు అమ్మకం ఆగిపోయింది. పాత పెట్రోలులోని సీసం వాల్వుకూ సీటుకూ మధ్య పలుచని పొరలా పేరుకుని అరుగుదలను ఆపేది. అంబాసిడర్ వంటి పోత ఇనుము హెడ్‌లో సీటును నేరుగా హెడ్‌లోనే చెక్కి ఉంటారు కనుక, ఇప్పటి పెట్రోలుతో హైవే మీద వేగంగా తోలితే సీటు అరిగి వాల్వు లోపలికి దిగిపోతుంది, ట్యాపెట్ సందు (వాల్వు కాడకూ దాన్ని నొక్కే మీటకూ మధ్య ఉండవలసిన ఖాళీ) మూసుకుపోతుంది. గట్టి లోహపు సీటు రింగులు దిగ్గొట్టించడం దీనికి శాశ్వత పరిష్కారం. వారానికొకసారి ఊళ్లో తిరిగే కారుకు ఆ ఖర్చు వెంటనే అవసరం లేదు. ట్యాపెట్ సందులు అప్పుడప్పుడు కొలుస్తూ ఉంటే చాలు.

ఇప్పటి పెట్రోలు తెచ్చిన కొత్త తంటా ఇథనాల్. 2025 నాటికి బంకుల్లో పోస్తున్న పెట్రోలులో 20 శాతం దాకా అదే. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. తేమ ఎక్కువైన తీర ప్రాంతంలో కారు నెలల తరబడి కదలకపోతే నీరూ ఇథనాలూ కలిసి ట్యాంకు అడుగుకు దిగి, అడుగు రేకును తింటాయి. పాత రబ్బరు పైపులు, పంపులోని డయాఫ్రం దాని ధాటికి ఉబ్బి మెత్తబడతాయి. ట్యాంకు లోపల పేరుకున్న పాత జిగురును అది కరిగించి తెచ్చి కార్బొరేటర్ జెట్లలో కూర్చోబెడుతుంది. అందువల్ల ట్యాంకు దించి శుభ్రం చేయడం, ఇథనాల్‌కు తట్టుకునే పైపులు వేయడం, పంపుకు ముందు పారదర్శకమైన ఫిల్టరు పెట్టడం ముందే చేయాలి. ఇథనాల్‌లో ప్రాణవాయువు ఉండడం వల్ల పాత జెట్లతో పెట్రోలు, గాలి మిశ్రమం పలుచబడి ఇంజను వేడెక్కుతుంది. ప్లగ్గు కొన తెల్లబారి కనిపిస్తే కాస్త పెద్ద జెట్టు వేయించాలి. ఖాళీ పెట్రోలు ట్యాంకుకు చిల్లు పడిందని నేరుగా వెల్డింగుకు పట్టుకుపోవడం మాత్రం ఎవరూ చేయరాదు. ట్యాంకులో చుక్క పెట్రోలు లేకపోయినా ఆవిరి ఉంటుంది, పేలడానికి అదే చాలు.

మన ఎండలూ, మన నీళ్లూ ఈ ఇంజన్లకు పరీక్షే. రోహిణి కార్తెలో ఇంజను పక్కనే ఉండే మెకానికల్ పంపులో పెట్రోలు ఆవిరై, పంపు ఆ ఆవిరిని నెడుతుంది తప్ప పెట్రోలును నెట్టదు. నడిరోడ్డున ఆగిపోయిన కారు పంపు మీద తడిగుడ్డ వేసి, పది నిమిషాలు చెట్టు నీడన నిలబడే పాత డ్రైవర్ల ఉపాయం ఇప్పటికీ పనిచేస్తుంది. ఇక రేడియేటరులో బోరు నీళ్లు పోయకూడదు. కనిగిరి ప్రాంతపు నీళ్లలో ఫ్లోరైడ్ గురించి అందరికీ తెలుసు గానీ, రేడియేటరుకు శత్రువు అది కాదు. కాల్షియం, మెగ్నీషియం లవణాలు. అవి వేడికి గారకట్టి సన్నని గొట్టాలను పూడ్చేస్తాయి. డిస్టిల్డ్ వాటరులో కూలెంట్ కలిపి పోయడం కొద్దిపాటి ఖర్చే.

స్పానర్లు, విడిభాగాలు, రంగు

ఫియట్ ఇటలీ కారు కనుక మిల్లీమీటరు స్పానర్లు సరిపోతాయి. అంబాసిడర్‌కు ఎక్కువ భాగం అంగుళాల కొలతలే. మిల్లీమీటరు స్పానర్‌తో అంబాసిడర్ బోల్టును బలవంతంగా తిప్పితే మూలలు అరిగి గుండ్రమవుతాయి. ఆ తర్వాత ఉలీ సుత్తే గతి. విప్పిన ప్రతి బోల్టునూ దాని చోటు రాసిన కవరులో వేసుకోవడం, విప్పక ముందు ఫొటో తీయడం చాదస్తంగా అనిపిస్తుంది గానీ, విప్పిన కారు మళ్లీ బిగించేసరికి నెలలు గడుస్తాయి, జ్ఞాపకం అంతకాలం నిలవదు.

విడిభాగాలకు మనకున్న పెద్ద సౌకర్యం చెన్నై దగ్గరగా ఉండడం. కొత్త సామానుకు జనరల్ ప్యాటర్స్ రోడ్డు, విప్పిన పాత సామానుకు పుదుపేట. ఉదయం రైలుకు నెల్లూరులో ఎక్కితే సాయంత్రానికి పని ముగించుకుని రావచ్చు. పాత భాగం చేతిలో లేకుండా వెళ్లడం వృథా, ఒకే మోడల్ కారుకు ఏడాదిని బట్టి కొలతలు మారతాయి. ముంబైలో 2023 అక్టోబరు చివర చివరి పద్మిని ట్యాక్సీ రోడ్డు దిగిపోయింది. ఆ ట్యాక్సీల అవసరం కోసం నడిచిన సామాను వ్యాపారం ఇక తగ్గుతూనే ఉంటుంది కనుక ఫియట్ యజమానులు గ్రిల్లు, లైట్ల చట్రాలు, తలుపు పిడులు వంటివి దొరికినప్పుడే కొని దాచుకోవడం తెలివైన పని.

రంగు విషయంలో ప్రైమరు దాకా ఇంట్లో చేసుకోవచ్చు. తీర ప్రాంతంలో గీకిన రేకును ఒక్క రాత్రి కూడా వట్టిగా వదలకూడదు. ఉదయానికి పలుచని నారింజ పొర కనిపిస్తుంది. మంచినీటితో కడిగి ఉప్పు వదిలించి, పూర్తిగా ఆరనిచ్చి, ఆ పూటే ఎపాక్సీ ప్రైమరు కొట్టాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల ముసురులో రంగు పని పెట్టుకోవద్దు. గాలిలో తేమకు పై పూత పాలిపోయి తెల్లబారుతుంది. సంక్రాంతి తర్వాత ఎండలు ముదిరే లోపు మంచి అదను. పై పూతకు ఇప్పుడు వాడే రెండు డబ్బాల పీయూ (పాలీయురేథేన్) రంగుల గట్టిపరచే ద్రావణంలో ఐసోసయనేట్లు ఉంటాయి. అవి ఆస్తమా తెప్పిస్తాయి, మామూలు ముక్కుగుడ్డ వాటిని ఆపదు. ఆ పని బయటి గాలి అందే ముసుగు, పెయింట్ బూత్ ఉన్నచోటే చేయించాలి. బంపర్ల క్రోమ్ పూత కూడా అంతే, విష రసాయనాలతో జరిగే ఆ పని ప్లేటింగ్ షాపుదే.

అన్నీ బిగించి, థర్డ్ పార్టీ బీమా కట్టిన తర్వాత మొదటి ప్రయాణాలు హైవే మీద పెట్టుకోకూడదు. ఊరి చుట్టుపక్కల నాలుగైదు కిలోమీటర్లు తోలి, దిగి, నాలుగు డ్రమ్ముల దగ్గరా చెయ్యి పెట్టి చూస్తే, మిగిలిన వాటికంటే ఒకటి ఎక్కువ కాలుతుంటే అక్కడ బ్రేకు వదలడం లేదని తెలుస్తుంది. కొత్త రింగులు వేసిన ఇంజనుకు 500 కిలోమీటర్ల దగ్గర ఆయిల్ మార్చి, ఇంజను పూర్తిగా చల్లారాక హెడ్ బోల్టులను మధ్య నుంచి చివరలకు వరుసగా టార్క్ రించితో (బిగింపు బలాన్ని చూపించే స్పానర్) సరిచూసి, ఆ తర్వాత ట్యాపెట్ సందులు మళ్లీ పెట్టించాలి. హెడ్ బోల్టులు కాస్త బిగిసినా ఆ సందులు మారతాయి కనుక ముందు ట్యాపెట్లు పెట్టి తర్వాత బోల్టులు బిగిస్తే రెండో పని మళ్లీ చేయవలసి వస్తుంది.